టిటో వీధి నడక, లెక్కలో లేని మనుషులు

బోస్నియా రాజధాని సరాయెవో నగరం మధ్యలో, ఒకప్పటి యుగోస్లావియాను ఏలిన మార్షల్ టిటో పేరు పెట్టుకున్న వీధి ఒకటుంది. 2012 ఏప్రిల్ 6న ఆ వీధి పొడవునా ఎర్ర కుర్చీలు వేశారు. లెక్కపెట్టి 11,541 కుర్చీలు, 825 వరుసలు. 1990ల బోస్నియా యుద్ధంలో నగరం సెర్బు సేనల ముట్టడిలో ఉన్నప్పుడు ప్రాణాలు పోయిన ప్రతి ఒక్కరికీ ఒక్కో కుర్చీ. ఎదురుగా వేదిక మీద పాటలు సాగాయి, కుర్చీల్లో మాత్రం ఎవరూ లేరు. వాటిలో 643 చిన్నపిల్లల కుర్చీలు. దారిన పోయేవాళ్లు ఆగి వాటి మీద బొమ్మలు, పుస్తకాలు పెట్టి వెళ్లారు.

ఏడేళ్ల తర్వాత, 2019 సెప్టెంబర్ 8న, అదే వీధిలో ఇంద్రధనుస్సు జెండాలు పట్టుకుని 2,000 మందికి పైగా నడిచారు. గే, లెస్బియన్, ట్రాన్స్ మనుషులు, వాళ్లకు తోడుగా వచ్చినవాళ్లు. బోస్నియాలో అదే మొదటి ప్రైడ్ ఊరేగింపు. పాత యుగోస్లావియా నుంచి విడివడిన దేశాల రాజధానుల్లో అప్పటిదాకా ఇలాంటి ఊరేగింపు చూడనిది సరాయెవో ఒక్కటే. కాపలాకు 1,000 మందికి పైగా పోలీసులు వచ్చారు. నడిచే ఇద్దరు ముగ్గురికి ఒక పోలీసన్నమాట.

విచిత్రమేమిటంటే, ఆ నాటికే బోస్నియా చట్టాలు కాగితం మీద చూడముచ్చటగా ఉన్నాయి. లైంగికత కారణంగా ఎవరిపైనా వివక్ష చూపరాదని 2009లోనే చట్టం వచ్చింది. 2016లో దాన్ని సవరించి లింగ గుర్తింపును కూడా స్పష్టంగా చేర్చారు. అయినా ఒకటిన్నర కిలోమీటరు నడవడానికి అంత బందోబస్తు కావలసి వచ్చింది. ఎందుకు? మతం, సంప్రదాయం, బాల్కన్ మగతనం అని చప్పున చెప్పేవాళ్లు చాలామంది. అవి ఉన్నాయి, కాదనను. కానీ అవి పొరుగున ఉన్న దేశాల్లోనూ ఉన్నాయి. బోస్నియా చిక్కుముడి వేరే చోట పడింది. యుద్ధాన్ని ఆపిన ఒప్పందం జాతులను లెక్కపెట్టి దేశాన్ని పంచింది. ఆ లెక్కలో ఒంటరి మనిషికి గడి లేదు. ఇది అర్థం కావాలంటే ఊరంతా ఒకసారి నడవడం మేలు. పర్యాటకులు నడిచే దారి, ప్రైడ్ నడిచిన దారి చాలావరకు ఒకటే.

నడక ఎవరికైనా తూర్పున బాష్‌చార్షియాలో మొదలవుతుంది. ఒట్టొమన్ తుర్కుల నాటి బజారు. మధ్యలో సెబిల్ అనే చెక్క జలమంటపం, దాని చుట్టూ పావురాలు. పక్క సందు కజాంజిలుక్‌లో రాగి పనివాళ్ల సుత్తి చప్పుడు వినపడుతుంది. అక్కడ కాఫీ కాచే జెజ్వాలు, పళ్లాలతో పాటు తూటాల ఖాళీ తొడుగులతో చేసిన కలాలు, నగిషీ చెక్కిన ఫిరంగి గుండ్ల తొడుగులు అమ్ముతారు. ఊరి మీద పడ్డ ఇత్తడినే బతుకుతెరువు చేసుకున్న నేర్పు అది. కాఫీ చిన్న పిడిలేని కప్పుల్లో వస్తుంది. చక్కెర ముక్కను కాఫీలో అద్ది, కొరికి, ఆపైన గుటక వేయాలి. తొందరపడే వాళ్లకు ఆ కాఫీ కుదరదు.

ఇక్కడ రెండు మాటలు నేర్చుకోవాలి. ఒకటి కొమ్షిలుక్, అంటే ఇరుగుపొరుగు. మసీదు, చర్చి, యూదుల ప్రార్థనాలయం కూతవేటు దూరంలో నిలిచిన ఊరు కాబట్టి ఇరుగుపొరుగు అన్న మాట ఇక్కడ దాదాపు ఒక ధర్మం. రెండోది రాయా. ఒట్టొమన్ పాలనలో పన్ను కట్టే సామాన్య జనానికి ఆ పేరు. అదే అరబ్బీ మూలం పారశీకం మీదుగా మన దగ్గరికి వచ్చి రైతు అయింది. సరాయెవోలో మాత్రం రాయా అంటే మనవాడు, గొప్పలకు పోనివాడు, బృందంలో కలిసిపోయేవాడు. ఒకరిని రాయా అన్నారంటే అంతకు మించిన మెప్పు లేదు. గే అయిన పొరుగువాడు రాయాయేనా? చాలామంది ఔననే అంటారు, ఒక షరతు మీద. నాలుగు గోడల మధ్య ఏం చేసుకుంటాడో మాకు అనవసరం, వీధిలోకి మాత్రం తేవద్దు. ఈ నాలుగు గోడల మాట అచ్చం మనలాగే వాళ్ల భాషలోనూ ఉంది. ప్రైడ్ గురించి అక్కడ ఎవరిని కదిపినా రెండో వాక్యంలో అదే వినపడుతుంది.

వీధిలోకి తెస్తే ఏమవుతుందో 2008లో తెలిసింది. బజారు దాటి మిల్యాత్స్కా నది ఒడ్డున కొంచెం నడిస్తే గోపురాలున్న తెల్లని భవనం కనిపిస్తుంది. ఒకప్పుడు ప్రొటెస్టెంట్ చర్చి, ఇప్పుడు లలితకళల అకాడమీ. దాని ఎదుట నది మీద గాలిలో ఒక మెలిక తిరిగిన నడక వంతెన ఉంది. దాన్ని ఊహించి గీసింది ఆ అకాడమీ విద్యార్థులే. ఫొటోలకు అందరూ ఆగే చోటు. 2008 సెప్టెంబర్‌లో ఈ అకాడమీలోనే గే, లెస్బియన్, ట్రాన్స్ మనుషుల కళల పండుగ క్వీర్ సరాయెవో మొదలైంది. ప్రదర్శన తొలిరోజే బయట గుంపు చేరింది. వచ్చినవాళ్లను వెంటపడి కొట్టారు, కనీసం ఎనిమిది మంది గాయపడ్డారు, మిగతా పండుగ ప్రజలకు మూతపడింది. అది రంజాన్ నెల కావడంతో కొన్ని పత్రికలు తప్పంతా నిర్వాహకులదే అన్నట్టు రాశాయి. తేదీ మార్చుకుని ఉంటే బాగుండేదని సలహాలు ఇచ్చినవాళ్లూ ఉన్నారు. మరే తేదీకి సరే అనేవారో ఎవరూ చెప్పలేదు. సభ జరుపుకునే హక్కును కాపాడడంలో అధికారులు విఫలమయ్యారని దేశ రాజ్యాంగ న్యాయస్థానం 2014లో తీర్పు చెప్పింది. అప్పటికి ఆరేళ్లు గడిచాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో ఒక సినిమా హాలులో జరుగుతున్న క్వీర్ చిత్రోత్సవం మీద ముసుగులు వేసుకున్నవాళ్లు పడి కొట్టారు.

ఫెర్హాదియా అనే నడక వీధిలోకి వస్తే నేల మీద ఒక గీత ఉంటుంది, సంస్కృతుల కలయిక అని రాసి. దాని మీద నిలబడి తూర్పుకు చూస్తే ఒట్టొమన్ ఊరు, పడమరకు చూస్తే ఆస్ట్రియా-హంగరీ ఊరు. గైడ్లందరూ అక్కడ ఆపుతారు. కొంచెం ముందు కేథలిక్ కేథడ్రల్ దగ్గర కాలిబాట మీద ఎర్రని పూవులాంటి మచ్చ కనిపిస్తుంది. మోర్టారు గుండు పడి కాంక్రీటు చిట్లిన గుంటను ఎర్ర జిగురుతో నింపారు. వీటిని సరాయెవో గులాబీలు అంటారు. ఊరంతా ఉన్నాయి. వీధులు కొత్తగా వేసినప్పుడు కొన్ని పోయాయి, కొన్నింటి రంగు వెలిసింది. ఆ పక్కనే మార్కలే కూరగాయల బజారు. 1994 ఫిబ్రవరి 5న ఒకే ఒక్క గుండుకు అక్కడ 68 మంది చనిపోయారు. ఈ రోజు వెళ్తే జున్ను, మిరపకాయలు, మధ్యాహ్నపు బేరాలు, వెనక గోడ మీద పేర్లు.

ఫెర్హాదియా ముగిసే చోట శాశ్వత జ్యోతి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో నగరాన్ని విడిపించినవాళ్ల స్మారకం, 1946లో వెలిగించారు. గోడ మీది శాసనం సరాయెవో దేశభక్తులకు కృతజ్ఞత చెబుతూ సెర్బులు, ముస్లింలు, క్రొయేట్లు అని వాళ్లను పేర్లు పెట్టి లెక్కపెడుతుంది. అది సోదరత్వం చాటడానికి రాసిన మాట, సందేహం లేదు. కానీ యాభై ఏళ్ల తర్వాత అదే లెక్క రాజ్యాంగమైంది. ప్రైడ్ ఈ జ్యోతి దగ్గరే మొదలైంది కాబట్టి, మనమూ ఇక్కడ కొంచెంసేపు ఆగి ఆ రాజ్యాంగం సంగతి చూద్దాం.

సరాయెవో ముట్టడి 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి 29 దాకా, 1,425 రోజులు సాగింది. యుద్ధాన్ని ఆపిన ఒప్పందం 1995 నవంబర్‌లో అమెరికాలోని డేటన్ దగ్గర ఒక వైమానిక స్థావరంలో కుదిరింది, డిసెంబర్ 14న పారిస్‌లో సంతకాలయ్యాయి. దేశ రాజ్యాంగం ఆ ఒప్పందానికి 4వ అనుబంధం. ఇంగ్లీషులో రాసిన అనుబంధం. దాని ప్రకారం దేశంలో రెండు పెద్ద భాగాలు: బోస్నియాక్‌లు (అంటే బోస్నియా ముస్లింలు), క్రొయేట్లు ఎక్కువగా ఉండే ఫెడరేషన్, సెర్బులు ఎక్కువగా ఉండే రిపబ్లికా స్రప్‌స్కా. ఫెడరేషన్‌లో మళ్లీ సొంత ప్రభుత్వాలున్న 10 కాంటన్లు. వీటికి తోడు బర్చ్‌కో అనే చిన్న ప్రత్యేక జిల్లా. దేశాధ్యక్ష పీఠం మీద ముగ్గురు: ఒక బోస్నియాక్, ఒక క్రొయేట్, ఒక సెర్బు. ఈ మూడూ రాజ్యాంగ జాతులు. మిగిలినవాళ్లందరికీ రాజ్యాంగం ఒకే పేరు పెట్టింది: ఇతరులు.

ఆ ఇతరుల్లో ఇద్దరు, ఒక రోమా (జిప్సీ) పౌరుడు దెర్వో సెజ్దిచ్, ఒక యూదు పౌరుడు యాకోబ్ ఫిన్సి, దేశాధ్యక్ష పదవికి తాము పోటీ చేయలేకపోవడం అన్యాయమని యూరప్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లారు. 2009 డిసెంబర్‌లో గెలిచారు. ఆ తీర్పు ఇప్పటికీ అమలు కాలేదు. రోమాలు, యూదులు కనీసం సమూహాలు, వాళ్లకొక చరిత్ర, ఒక ప్రార్థనాలయం, ఒక వాడ ఉన్నాయి. గే మనిషికి అదీ లేదు. బోస్నియాక్ ఇంట్లో పుడతాడు, సెర్బు ఇంట్లో పుడతాడు, క్రొయేట్ ఇంట్లో పుడతాడు. ప్రతి జాతి తన సంఖ్యను కళ్లలో ఒత్తులు వేసుకుని చూసుకునే దేశంలో, పెళ్లి చేసుకుని తమవాళ్లను పెంచాల్సిన బిడ్డ దారి తప్పాడని మూడు ఇళ్లూ ఒకేలా బాధపడతాయి. మూడు జాతుల పార్టీలు ఏకమయ్యే అరుదైన విషయాల్లో ఇదొకటి. సెర్బు నాయకులు దీన్ని పాశ్చాత్యుల కుట్ర అంటారు, బోస్నియాక్ మతపెద్దలు విశ్వాసానికి విరుద్ధమంటారు, క్రొయేట్లు కుటుంబానికి చేటంటారు. మాటలు వేరు, చేతులు ఎత్తేది ఒకే వైపు.

ఇక్కడే ఒక తమాషా ఉంది, దీన్ని చాలా కథనాలు వదిలేస్తాయి. మనుషులను మూడు గంపల్లోకి ఏరిన అదే డేటన్ రాజ్యాంగం, యూరప్ మానవ హక్కుల ఒడంబడిక ఈ దేశంలో నేరుగా అమలవుతుందని, మిగతా చట్టాలన్నిటి కన్నా అదే పైనని కూడా రాసింది. చాలా యూరప్ దేశాల రాజ్యాంగాలు కూడా అంత దూరం పోలేదు. స్వలింగ జంటలకు ఏదో ఒక రూపంలో చట్టబద్ధమైన గుర్తింపు ఇవ్వడం ప్రభుత్వాల బాధ్యత అని ఆ ఒడంబడికను వ్యాఖ్యానించే న్యాయస్థానం 2023 జనవరిలో, రష్యాకు సంబంధించిన ఫెదొతోవా కేసులో, విస్తృత ధర్మాసనంతో తేల్చింది. ఆ సూత్రం బోస్నియాకూ వర్తిస్తుంది. అంటే సిద్ధాంతం ప్రకారం హక్కు వచ్చేసినట్టే.

మరి ఎక్కడ ఆగింది? కుటుంబ చట్టం దగ్గర. మానవ హక్కుల మంత్రిత్వ శాఖ దేశస్థాయిలో ఉంది. వివక్ష నిషేధ చట్టం దేశస్థాయిలో ఉంది. పెళ్లి, వారసత్వం, దత్తత మాత్రం దేశం చేతిలో లేవు. ఫెడరేషన్‌కు ఒక కుటుంబ చట్టం, రిపబ్లికా స్రప్‌స్కాకు ఒకటి, బర్చ్‌కోకు ఇంకొకటి. కోటి జనాభా కూడా లేని దేశంలో మూడు. స్వలింగ సంబంధాలను నేరాల జాబితా నుంచి తీసేసినప్పుడు కూడా ఇలాగే జరిగింది. 1977లో యుగోస్లావియాలోని స్లొవేనియా, క్రొయేషియా వంటి చోట్ల ఆ సెక్షన్ పోయింది, బోస్నియాలో మిగిలింది. యుద్ధం తర్వాత మూడు చోట్లా మూడు విడతలుగా తీసేసి, 2003కి పూర్తి చేశారు. మన దగ్గర 377వ సెక్షన్‌కు సుప్రీంకోర్టు కోరలు పీకింది 2018 సెప్టెంబర్ 6న. ఆ లెక్కన వాళ్లు మనకన్నా పదిహేనేళ్లు ముందు. అయితే అక్కడ ఆ మార్పు కోసం ఊరేగింపులు లేవు, టీవీ చర్చలు లేవు. ఆ మానవ హక్కుల న్యాయస్థానం ఏ సంస్థదో ఆ యూరప్ మండలిలో చేరాలి కాబట్టి శిక్షాస్మృతులు కొత్తగా రాశారు, ఆ ఊపులో పాత సెక్షన్ రాలిపోయింది. పైనుంచి వచ్చిన హక్కు పైపైనే నిలిచింది. చట్టం మారిందని చాలామందికి ఏళ్ల తర్వాత గానీ తెలియలేదంటే నమ్మవచ్చు.

జంటల గుర్తింపు విషయంలో ఫెడరేషన్ ప్రభుత్వం 2018లో ఒక బృందాన్ని వేయాలని నిర్ణయించింది. దేశ మంత్రిమండలి 2022లో ఎల్జీబీటీ హక్కుల కార్యాచరణ ప్రణాళికను ఆమోదించింది. అదే ఏడాది డిసెంబర్‌లో ఐరోపా సమాఖ్య (ఈయూ) బోస్నియాకు సభ్యత్వ అభ్యర్థి హోదా ఇచ్చింది. తేదీల వరస చూస్తే ఎవరి కోసం ఎవరు ఏం ఆమోదించారో అర్థమవుతూనే ఉంది. చట్టం మాత్రం రాలేదు.

సరే, జ్యోతి దగ్గర నుంచి కదులుదాం. 2019లో ఇక్కడ గుమిగూడినవాళ్ల నినాదం "ఇమా ఇజాచ్". సరాయెవో వాడుక మాట. బయటికి రావాల్సిందే అన్న అర్థం తోస్తుంది. వీధిలోకి రావడం, లోపల దాచుకున్నది చెప్పుకోవడం, రెండూ అందులో ఉన్నాయి. నాలుగు గోడల మాటకు ఇంతకన్నా సూటి జవాబు ఉండదు. నడకకు అనుమతి దేశం ఇచ్చేది కాదు, సభలు సమావేశాల చట్టం కాంటన్‌ది. అడ్డంగా పెట్టే కాంక్రీటు దిమ్మెలు, అంబులెన్సు, ప్రైవేటు కాపలా వంటి ఖర్చులు నిర్వాహకుల నెత్తిన పడ్డాయి. మాట్లాడే స్వేచ్ఛకు రాజ్యాంగం హామీ ఇస్తుంది, దిమ్మెల అద్దె నువ్వు కట్టుకో అన్నమాట. ముందురోజు, ఆ రోజు కూడా కుటుంబ విలువల పేరుతో వ్యతిరేక ప్రదర్శనలు జరిగాయి. ఊరేగింపు మీద మాత్రం ఈగ వాలలేదు.

దారిలో కుడివైపు పెద్ద తోటలో ముట్టడిలో చనిపోయిన పిల్లల స్మారకం ఉంది. ఇంకాస్త పోతే అలీ పాషా మసీదు, ఎర్ర కుర్చీల వరుసలు అక్కడిదాకా వచ్చాయి. ఆ తర్వాత పసుపు రంగు పెట్టెలాంటి పెద్ద హోటల్. 1984 శీతాకాల ఒలింపిక్స్ కోసం కట్టింది, యుద్ధంలో విదేశీ విలేఖరుల మకాం. దాని ముందున్న రోడ్డు ముట్టడి రోజుల్లో స్నైపర్ల వీధిగా పేరుపడింది. దాటాలంటే పరుగెత్తాలి. ఎదురుగా పార్లమెంటు. ప్రైడ్ ముగిసింది దీని ముందే.

ఈ మైదానం సంగతి గైడ్లు చెబుతారు గానీ ప్రైడ్‌తో కలిపి చెప్పరు. 1992 ఏప్రిల్ తొలి వారంలో వేలాది మంది ఇక్కడికే వచ్చారు, యుద్ధం వద్దని, జాతుల వారీగా దేశాన్ని చీల్చవద్దని. ఏప్రిల్ 5న పక్కనున్న వంతెన మీద సువాదా దిల్బెరోవిచ్, ఓల్గా సుచిచ్ తూటాలకు బలయ్యారు. ఒకరి పేరు ముస్లిం పేరు, మరొకరిది కాదు. వంతెనకు ఇప్పుడు ఇద్దరి పేర్లూ కలిపి పెట్టారు. మర్నాడు ఆ పసుపు హోటల్ వైపు నుంచి ఈ మైదానంలోని జనం మీదా కాల్పులు జరిగాయి. జాతి పేరు చెప్పకుండా, పౌరులమని మాత్రమే చెప్పుకుంటూ పార్లమెంటు ముందు నిలబడిన ఆ జనానికి, 2019లో వచ్చినవాళ్లే దగ్గరి వారసులని నాకు అనిపిస్తుంది. ప్రైడ్‌లో ఎవరూ ఏ గంపవాళ్లో అడగలేదు.

పర్యాటకులుగా వచ్చే స్వలింగ జంటల సంగతి తక్కువలో చెప్పవచ్చు. బయటివాళ్లను సరాయెవో ఆదరంగానే చూస్తుంది, విదేశీ జంట బస చేస్తే గొడవలు అరుదు. చేతులు పట్టుకుని బజారులో నడవడం మాత్రం స్థానికులే చేయరు. వచ్చినవాళ్లు ముట్టడి నాటి సొరంగం చూస్తారు, ట్రెబెవిచ్ కొండకు కేబుల్ కారులో వెళ్లి ఒలింపిక్ బాబ్‌స్లెడ్ (మంచుబండి పందెం) కాలువ మీది రంగుల రాతలకు ఫొటోలు తీసుకుంటారు, యుద్ధం గురించి బోలెడు తెలుసుకుని వెళ్తారు. శాంతి గురించి తక్కువ తెలుసుకుంటారు. దానికి టికెట్టు అమ్మేవాళ్లు లేరు మరి.

రాజధాని దాటితే పరిస్థితి ఇంకా బిగుతు. రిపబ్లికా స్రప్‌స్కాలోని పెద్ద నగరం బాన్యా లూకాలో 2023 మార్చిలో క్వీర్ అంశాల మీద తలపెట్టిన సినిమా కార్యక్రమాన్ని పోలీసులు నిషేధించారు. అదే రోజు సాయంత్రం కార్యకర్తలను ఒక గుంపు తరిమి కొట్టింది. సరాయెవో కాంటన్ పోలీసులు 2019లో చేసిన పని ఇక్కడి పోలీసులు చేయవచ్చు, చేయాలన్న ఆదేశం ఎవరూ ఇవ్వలేదు. ఒకే దేశం, ఒకే వివక్ష నిషేధ చట్టం, నాలుగైదు గంటల ప్రయాణం దూరంలో రెండు లోకాలు.

ఇక చివరి మెలిక. పక్కనున్న క్రొయేషియాలో 2014 నుంచి స్వలింగ జంటలు జీవిత భాగస్వామ్యాన్ని నమోదు చేసుకోవచ్చు. బోస్నియాలోని క్రొయేట్లలో చాలామందికి క్రొయేషియా పాస్‌పోర్టు కూడా ఉంది, జాతి కారణంగా వచ్చింది. కాబట్టి బోస్నియాలోని మోస్తార్‌లో పుట్టిన క్రొయేట్ యువకుడు క్రొయేషియా రాజధాని జాగ్రెబ్ వెళ్లి తన సహచరుడితో సంతకం చేయవచ్చు. అతని బోస్నియాక్ స్నేహితుడికి, రోమా స్నేహితురాలికి ఆ పాస్‌పోర్టు దారి లేదు. జాతిని చూడని హక్కు కావాలని అడిగినవాళ్లకు అది మళ్లీ జాతి తలుపులోంచే, కొందరికే, పరాయి దేశంలో దొరికింది. ఆ కాగితం జేబులో పెట్టుకుని జాగ్రెబ్‌లో రాత్రి బస్సు ఎక్కితే, తెల్లవారకముందే సావా నది మీది సరిహద్దు వస్తుంది. పోలీసు బస్సులోకి వచ్చి పాస్‌పోర్టులు తీసుకుంటాడు. వంతెనకు ఇవతల ఇద్దరూ భాగస్వాములు. అవతల, పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరు ప్రయాణికులు.